విశ్వాసానికి ఒక సాక్ష్యం, కులానికి మరొక సాక్ష్యం

ఇటీవల ఒక ఆదివారం సాయంత్రం బైరెడ్డిపల్లె మండలంలోని ఒక దళితవాడలో గడిపాను. రేకుల కప్పు కింద ప్రార్థన ముగిశాక ఒక వృద్ధురాలిని అడిగాను: యేసు దేవుడని నీకెలా తెలుసవ్వా? 'మమ్మల్ని ముట్టుకున్న దేవుడు ఆయనొక్కడే నాయనా. ఇంకేం సాక్ష్యం కావల్ల?' అన్నదామె. నన్ను వీధి దాకా సాగనంపడానికి వచ్చిన ఆమె మనవడు పీజీ విద్యార్థి. గొంతు తగ్గించి, 'రాసేటప్పుడు నా పేరు రాయద్దు సార్, ఎస్సీ సర్టిఫికెట్ ఉంది' అన్నాడు. అవ్వ నలుగురిలో చెప్పిన మాటను మనవడు దాచుకోవలసి వస్తున్నది. క్రైస్తవులు తమ విశ్వాసాన్ని ఎలా ఎరుగుదురు, ఎలా సమర్థించుకుంటారు అనే ప్రశ్న మన ప్రాంతంలో ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

తమ నిరీక్షణకు హేతువు అడిగిన వారికి సమాధానం చెప్పేందుకు సిద్ధంగా ఉండాలని పేతురు పత్రిక విశ్వాసులకు బోధిస్తుంది. థామస్ అక్వినాస్ నుంచి ఆల్విన్ ప్లాంటింగా వరకు తాత్వికులెందరో ఆ పని చేశారు. చాలినంత ఆధారం లేకుండా దేనినైనా నమ్మడం తప్పని ఆంగ్ల గణితవేత్త క్లిఫర్డ్ 1877లో వాదించాడు. ఈ చర్చ విలువైనదే. అయితే ప్రశ్న అడిగేవాడు, జవాబు చెప్పేవాడు సమానులన్న భావన మీద అది నడుస్తుంది. జవాబు చెప్పినందుకు కూలి పని పోయే మనిషి అందులో కనిపించడు.

క్లిఫర్డ్ ఆ వాదన చేసిన నాటికి దక్షిణ భారతం 1876-78 నాటి మహా కరువులో ఉంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని కల్పించాడు. తిండి కోసమే మతం మారారన్న నింద రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ముగిసిందని, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వెనుదిరగలేదు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. 'బియ్యపు క్రైస్తవులు' అనే ఎత్తిపొడుపుకు ఈ చరిత్ర జవాబు చెబుతుంది. ఇక 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగ గురువుల బోధ విన్న సాధకుడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన గ్రంథం ఆ సంగతిని నమోదు చేసింది. ఆయన తనకు తెలిసిన ఒక మార్గాన్ని మరొక మార్గంతో పోల్చి చూసి ఎంచుకున్నాడు. చదువు లేనివాడికి విచక్షణ ఉండదనుకోవడం కులాహంకారమే.

మదనపల్లె ప్రాంతంలో ఈ సాక్ష్యం మరో రూపం తీసుకుంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు చెందిన వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ దశాబ్దాల పాటు ఇక్కడ పనిచేశాడు. తరువాత ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం వెలసింది. వైద్యాన్ని ఎర అనేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. నాడి పట్టుకోవడం పునరుత్థానాన్ని రుజువు చేయదన్న మాట నిజమే. కానీ మనుషులందరినీ ఒకే దేవుడు సృష్టించాడని చెప్పేవాడు అంటరాని వాడిని ముట్టుకుంటాడా లేదా అన్నది ఆ మాటకు న్యాయమైన పరీక్ష. అవ్వ చెప్పిన సాక్ష్యం ఈ పరీక్షకు సంబంధించినదే.

మనవడి మౌనానికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. దాని మూడవ పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. సూసై కేసులో 1985లో సుప్రీంకోర్టు, మతం మారిన తరువాత కూడా కులవివక్ష అదే తీవ్రతతో కొనసాగుతున్నదని నిరూపించాలన్నది. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో అదే కోర్టు, చర్చికి వెళుతూ ఎస్సీ ధ్రువపత్రం కోరడాన్ని రాజ్యాంగంపై మోసంగా పేర్కొన్నది. కులం పేరుతో దూషించి దాడి చేశారని ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. క్రైస్తవం కులాన్ని గుర్తించదు గనుక మతం మారిన వ్యక్తి ఎస్సీ కాదన్నది అక్కడి తర్కం.

ఈ తర్కంలో ఒక పొరపాటు ఉంది. 'క్రీస్తులో కులం లేదు' అన్నది విశ్వాస ప్రకటన. అది ఎలా ఉండాలో చెబుతుంది. 'ఊరు ఇతనిని మాదిగగానే చూస్తున్నది' అన్నది వాస్తవ ప్రకటన. అది ఎలా ఉన్నదో చెబుతుంది. మొదటిదానికి ఆధారం గ్రంథం, రెండవదానికి ఆధారం ఊరు. బాప్తిస్మం విశ్వాసి మనసును మార్చవచ్చు గానీ ఊరి చూపును మార్చదు. తిట్టినవాడు బాప్తిస్మపు రిజిస్టరు చూసి తిట్టడు. విశ్వాసాన్ని వివక్ష లేదనడానికి రుజువుగా తీసుకుంటే, నిజం చెప్పినవాడికి రక్షణ పోతుంది, దాచినవాడికి మిగులుతుంది. 25వ అధికరణం ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛకు దళితుడు మాత్రమే ఈ మూల్యం చెల్లిస్తున్నాడు.

ఇందులో చర్చి బాధ్యతా ఉంది. కులాన్ని బట్టి సమాధుల తోటలు, పెళ్ళి సంబంధాలు విడదీసుకునే సంఘం తన సిద్ధాంతాన్ని తానే ఖండించుకుంటున్నది. మతం మారినంత మాత్రాన కులం పోలేదని అంబేడ్కర్ ఏనాడో ఎత్తిచూపాడు. పై కులాల క్రైస్తవులు ఆ విమర్శకు జవాబివ్వకుండా, అరువు తెచ్చుకున్న వాదనలతో ఫోన్లలో నాస్తికులను ఓడించడం విశ్వాస సమర్థన అనిపించుకోదు.

ఉన్న వాటాను పంచుకోవలసి వస్తుందన్న హిందూ దళితుల ఆందోళన న్యాయమైనదే. దానికి పరిష్కారం కోటా పెంపులో వెతకాలి. రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు బీసీ-సి కింద దక్కుతున్నది 1 శాతం. అది అట్రాసిటీ చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతాన్ని ఎస్సీ హోదా నుంచి వేరు చేయాలన్నది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. కనీసం అట్రాసిటీ చట్టపు రక్షణనైనా రిజర్వేషన్ల వివాదం నుంచి విడదీసి, దాడికి గురైనవారందరికీ వర్తింపజేయాలని విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు కలిసి అడగవచ్చు. అందుకు ఎవరి వాటా తగ్గనక్కరలేదు.

బైరెడ్డిపల్లెలో ఆ అవ్వ పేరు రాయడానికి ఆమెకు అభ్యంతరం లేదు. అయినా రాయలేదు. ఆమె పేరు రాస్తే మనవడు ఎవరో తెలిసిపోతుంది.