మీ అటక మీద ఏమున్నది?

రాకడను గూర్చియో పరలోకమును గూర్చియో వినవలెనని కూర్చున్నవారికి ఈ దినము అటక మీద సామాను గూర్చి చెప్పబోతున్నాను. నవ్వుకొనేవారు నవ్వుకొనండి, పర్వాలేదు. అయితే ముందుగా తల ఎత్తి మీ ఇంటి అటక వైపు ఒక్కసారి చూడండి.

ఏమి కనబడుతున్నది? పెళ్లిలో చదివించిన స్టీలు బిందెలు, పేర్లు చెక్కించి, ఒక్కసారైనా నీళ్లు పట్టనివి. కాగితము విప్పని గాజు గ్లాసుల సెట్టు. టీవీ వచ్చిన అట్టపెట్టె. టీవీ పాడైపోయి ఎన్ని ఏండ్లయినదో! పెండ్లయి వెళ్లిపోయిన అమ్మాయి పదవ తరగతి పుస్తకములు. సంచి నిండా క్యాసెట్లు ఉన్నవి, వేసుకొనుటకు టేప్ రికార్డరు మాత్రము లేదు. ఇక బీరువా తలుపు తీయవద్దులెండి. తీస్తే మీద పడతాయి.

గృహ దర్శనములకు వెళ్లినప్పుడు తల్లులు అంటుంటారు: "తీసేయాలనే ఉంది అయ్యగారూ, మనసు రావడం లేదు." ఈ మాటను సోమరితనమని కొట్టివేయుట సులభము. కాని తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికి వండి పెట్టే తల్లి సోమరి ఎట్లగును? మనసు రాకపోవుటకు వేరే కారణములున్నవి.

ఒక కారణమును శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. డేనియల్ కానమన్, రిచర్డ్ థేలర్, వారి సహచరుడు జాక్ నెట్ష్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో విద్యార్థులలో సగము మందికి ఒక్కొక్క కాఫీ కప్పు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. మిగిలినవారిని ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవారు అడిగిన ధర, లేనివారు ఇస్తామన్న ధరకు సుమారు రెండింతలు! ఈ సంగతి 1990లో ప్రచురించారు. చేతికి వచ్చి కొద్దిసేపే అయిన కప్పే అంత ప్రియమైతే, ముప్పది ఏండ్లు మన అటక మీద ఉన్న బిందె మాటేమిటి? "నాది" అనుకొనగానే వస్తువు బరువు పెరుగుతుంది.

రెండవది, పెట్టిన డబ్బు. "రెండు వేలు పోసి కొన్నామండీ" అంటారు. ఆ రెండు వేలు కొన్న దినముననే దుకాణములో మిగిలిపోయినవి. అటక మీద ఎన్నాళ్లు దాచినా అవి తిరిగి రావు.

మూడవది భయము. దీనిని నేను తేలికగా మాట్లాడలేను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూచిన తరము మన మధ్యలో ఇంకా ఉన్నది. ఒక్క రాత్రిలో సమస్తము పోగొట్టుకొనిన తాతగారు తాడు ముక్కను, ఖాళీ డబ్బాను దాచుకొంటే మనవలు ఎగతాళి చేయకూడదు. ఆయనకు అది చెత్త కాదు, రేపటికి భరోసా.

మరి మనసు ఎట్లు వస్తుంది? సణుగుట వలన రాదు. అత్తగారు కోడలిని అంటే పని కాదు. కోడలు అత్తగారిని అంటే అసలే కాదు. సిగ్గు మనిషిని బీరువా తలుపు మూయుటకే ప్రేరేపిస్తుంది గాని తెరచుటకు కాదు.

మా సంఘములో ఒక కుటుంబము సంగతి చెప్పుదును. వెనుక గదిలో మూడు ఏండ్లుగా సామాను నిండి తలుపు సగమే తెరుచుకొనేది. ప్రతి క్రిస్మసుకు ఖాళీ చేద్దామనుకొనేవారు, కాలేదు. ఒక సంవత్సరము వాళ్ల అత్తగారికి మోకాలి ఆపరేషను అయినది. ఆ ఇంటిలో స్నానాలగదికి దగ్గరగా ఉన్నది ఆ గది ఒక్కటే. ఆమె హాలులో మంచము మీద పడుకొని, రాత్రులు గోడ పట్టుకొని నడుచుట చూచిన కొడుకు, కోడలు మూడు సాయంత్రములలో ఆ గది ఖాళీ చేశారు. మూడు ఏండ్లు రాని మనసు మూడు దినములలో ఎక్కడ నుండి వచ్చినది? గదిని కాదు, వారు ఆ ముసలి తల్లిని చూశారు.

గనుక "దీనిని పారవేయుదునా?" అని మిమ్మును మీరు అడుగవద్దు. ఆ ప్రశ్నకు మనసు ఎప్పుడూ వద్దనే చెప్పుతుంది. "ఈ చోటు ఎవరికి కావలెను? ఈ వస్తువు ఎవరికి పనికి వచ్చును?" అని అడగండి. లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుని చూడండి. పంట పండినది, కొట్లు చాలలేదు. అతడు తనలో తానే మాట్లాడుకొన్నాడు. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణము! ఆ మాటలలో పొరుగువాడు ఒక్కడును లేడు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలోని దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టి ఇచ్చిన బట్టలు చూపుతూ ఏడ్చారు. ఆమె పనితనము పెట్టెలో కాదు, వారి చేతులలో ఉన్నది.

అన్నీ వదిలివేయుటే భక్తి అనియు అనుకొనవద్దు. పౌలు చెరసాలలో, తన మరణము సమీపించినదని తెలిసియు, త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని తిమోతికి వ్రాశాడు. అందులోను ముఖ్యమైనవి ఏవో చెప్పాడు. చలికాలము వస్తున్నది, అంగీ కావలెను. ఏది కావలెనో తెలిసినవాడు అట్లు అడుగును.

ఇక పని విషయము. ఫోటో ఆల్బములతో మొదలుపెట్టినవారు సాయంత్రము వరకు ఫోటోలే చూస్తూ కూర్చుంటారు. మందుల డబ్బాతో మొదలుపెట్టండి. గడువు తేదీ దాటిన మాత్రలను గూర్చి మనసు తర్కించదు. వాటిని ఇతరులకు మాత్రము ఇవ్వకండి. మరునాడు ఒక్క అర, అర గంట. అంతే. మనసు వచ్చిన తరువాత చేద్దామని కూర్చుంటే రాదు. చేయి కదిలిన తరువాత దానంతట అదే వస్తుంది.

బట్టలు ఇచ్చేటప్పుడు ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత తమిళనాడు తీరములో, దానముగా వచ్చిన పాత బట్టలు ఎవరికీ పనికిరాక రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండెను. మనము కట్టుకొనలేనిది బీదవాడు కట్టుకొనునని ఎవరు చెప్పారు? చిరిగిన నూలు చీరలైతే బొంత కుట్టించుకొనవచ్చు. పాడైన సెల్ ఫోనులు, బ్యాటరీలు తడి చెత్తలో వేయక, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకొను కేంద్రములకే ఇవ్వండి. అయ్యా, మీ భార్య పెట్టెను ఆమె ఊరికి వెళ్లినప్పుడు తీయకండి. అమ్మా, ఆయన పుస్తకములైనా అంతే.

ఎంత చెప్పినను ఒక్క కాగితము కూడ వదలలేక, నడచుటకు దారి లేనంతగా ఇల్లు నింపుకొని, ఎవరైనా ముట్టుకొంటే విలవిలలాడువారు కొందరుంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము దీనిని ఒక ప్రత్యేకమైన రుగ్మతగా తన గ్రంథములో చేర్చినది. అట్టివారిని పాపులని గద్దించక మానసిక వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్లవలెను. ప్రార్థన చేయండి, వైద్యమును చేయించండి.

చివరిగా, భర్తను పోగొట్టుకొనిన సహోదరీ, ఆయన చొక్కాలు ఇంకా బీరువాలో వేలాడుతున్నవని బంధువులు మిమ్మును తొందరపెడుతున్నారేమో. వారి మాట వినవలసిన పని లేదు. ఆయన స్వరము క్యాసెట్టులో ఉంటే ముందు దానిని పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనండి, టేపు ఎల్లకాలము నిలువదు. చొక్కాలు ఉండనివ్వండి. ఈ వారము మందుల డబ్బా చాలును.