పిచికారీ మీది భక్తి

పురుగు కనబడినంతనే మందు కొట్టవలెనను నమ్మకము గుంటూరు, ప్రకాశము నల్లరేగడి నేలలలో తాతముత్తాతలనాటిది కాదు. దాని వయస్సు ఏబదియేండ్లకు మించదు. అయినను ఇంత లోతుగా వేళ్లూనిన నమ్మకము ఈ సీమలో మఱియొకటి లేదని నా తలంపు.

ఇది అజ్ఞానమున పుట్టినదనుట న్యాయము కాదు. హైబ్రిడ్ పత్తి విస్తరించిన తరువాత, 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లను మందులు వచ్చినప్పుడు, సాయంకాలము కొట్టిన చేనిలో తెల్లవారుసరికి పురుగులు రాలి పడియుండుట రైతు కన్నులార చూచెను. కన్నులార చూచినదానిని నమ్ముట తప్పెట్లగును? తప్పు ఆ పిమ్మట జరిగినది. మందునకు చావక మిగిలిన పురుగుల సంతతియే ఏటేట పెరిగి శనగపచ్చ పురుగు విషమునకు అలవాటుపడగా, పంటపురుగులను తిని బ్రతుకు సాలీళ్లును, అక్షింతల పురుగులును, అల్లిక రెక్కల పురుగులును మాత్రము మొదటి పిచికారీకే నశించిపోగా, అడ్డము లేని తెల్లదోమ ఆకుల క్రింద దట్టమై, 1987 నాటికి పర్చూరు, చిలకలూరిపేట చుట్టుపట్ల పత్తిచేలు నల్లబడిపోయెను. అప్పుడైనను మందు పనిచేయుట లేదని తలంపక, చాలలేదని తలంచి, రెండు మూడు మందులు కలిపి మఱింత తఱచుగా కొట్టిరి. అప్పులు తీరు దారి గానక ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిన రైతుల వార్తలు ఆనాటి పత్రికలలో వచ్చినవి.

విఫలమైనకొలది నమ్మకము గట్టిపడుట చిత్రముగా తోచును గాని, దాని వెనుక భయమున్నది. ‘పక్కచేనివాడు కొట్టినాడు, మనము కొట్టకుంటే పురుగంతా మనమీదికే వస్తుంది’ అను మాట ఏ ఊరి రచ్చబండ మీదనైనను వినవచ్చును. పైగా మందు అమ్మువాడే అప్పిచ్చువాడు, సలహా చెప్పువాడు కూడ నతడే. ఆ కొట్టు మెట్లెక్కినవాడు వట్టిచేతులతో దిగుట అరుదు.

ఇట్టి అలవాటు ఉపన్యాసములతో పోదు. ఇండోనేషియా దేశమున 1986లో వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించి, పిమ్మట రైతులను గుంపులుగా పొలములోనికే దింపి, ఏ పురుగు పంటను తినునో, ఏది ఆ పురుగును తినునో వారిచేతనే లెక్కింపజేసిరి. మనయెడ ‘పొలంబడి’ అను పేర వచ్చినది ఆ పద్ధతియే. సాలీడు పురుగును పట్టుట ఒక్కమాఱు చూచిన రైతు మందుడబ్బా ఎత్తుటకు ముందు కొంత తడవు ఆగును. ఆ ఆగుటయే మార్పునకు మొదలు.

2002లో, పురుగును చంపు గుణము విత్తనముననే గల బీటీ పత్తి వచ్చి కాయతొలుచు పురుగుల మందులను కొన్నియేండ్లు తగ్గించినమాట నిజమే. కాని నమ్మకము సడలలేదు, డబ్బానుండి విత్తనపు ప్యాకెట్టులోనికి మారినది. తుదకు గులాబీరంగు పురుగు ఆ విత్తనమును గూడ జయించెను. 2021లో మిరపపూలలో నల్ల తామరపురుగు దిగినప్పుడు పాతకథయే మరల నడచినది: ఎన్నిమాఱులు కొట్టినను లొంగక పోగా, తోటలు పీకివేసినవారును కలరు.

ఈ మందులకు బదులుగా, గుంటూరు కేంద్రముగా రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016 నుండి మహిళాసంఘముల ద్వారా సాగించుచున్న ప్రకృతి వ్యవసాయమునకు 2024లో అంతర్జాతీయమైన గుల్బెంకియన్ బహుమానమున భాగము లభించినది. అందు వాడు అగ్నిఅస్త్రమను కషాయములో పడునవి మన మిరపకాయలు, మన పొగాకే. అయితే ఒక్కమాట చెప్పక తప్పదు: చేను చూడకయే, తేదీలు పెట్టుకొని కషాయము చల్లువాడు డబ్బా మార్చినాడే గాని అలవాటు మానలేదు.

మందు పూర్తిగా మానుడని నే నెవ్వరిని కోరను. ఈ యేడు మిరప నాటినవారు చేనిలో పది సెంట్లు గుర్తు పెట్టుకొని, వారమున కొకమాఱు ఆకు తిప్పి, పూవు విప్పి, శత్రువు లెన్ని, మిత్రు లెన్ని యని లెక్కించి చీటీపై వ్రాసికొనుడు. మందులకొట్టునకు పోవునపుడు ఆ చీటీ మీ జేబులో నుండవలెను.