రాణి కోసం వెతక్కు, గుడ్డు కోసం చూడు

చూడు బుజ్జమ్మా, పెట్టె తెచ్చి కొబ్బరిచెట్ల నీడన పెట్టిన మర్నాటి నుంచీ నీ చెయ్యి దాని మూత మీదికే పోతోంది. లోపల ఏం జరుగుతోందో చూడాలనిపించడం మంచిదే. కానీ మనం తెచ్చుకున్నది పుట్టతేనెటీగ. రోజూ కదిలిస్తే విసిగి, గుంపంతా ఒక్కసారిగా లేచి వెళ్ళిపోతుంది. వారం పదిరోజులకోసారి చాలు. ఎండ కాసి, గాలి లేని పొద్దుటి పూట తెరువు. మేతకి వెళ్ళే ఈగలు అప్పటికి చాలావరకు బయటే ఉంటాయి.

ముందు పొగ. కొబ్బరి పీచు రాజేసి గుమ్మం దగ్గర కొంచెం, మూత కింద కొంచెం ఊదు. పొగతో ఈగలకి మత్తెక్కుతుందని చాలామంది అనుకుంటారు గానీ జరిగేది వేరు. ఈగ కుట్టినప్పుడు కొండి దగ్గర్నుంచి ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం వాసన వస్తుంది. శత్రువు ఇక్కడున్నాడని తక్కినవాటికి అదే కబురు. పొగ తగిలితే వాటి మీసాలు ఆ వాసనని సరిగా పట్టలేవు. పండిన అరటిపండు వాసనలోనూ ఆ పదార్థమే ఉంటుంది, అందుకని అరటిపండు తిని పెట్టె దగ్గరికి పోవద్దు. ఒకవేళ ఈగ కుడితే ముల్లు వెంటనే గోటితో గీకేసి, అక్కడ కాస్త పొగ పట్టు.

అంచున ఉన్న ఫ్రేము మొదట తీసి పక్కన ఆనించు. అప్పుడు మిగతావి కదపడానికి చోటొస్తుంది. రెండోదాన్ని ముందు పక్కకి జరిపి, ఆ తరవాత నిట్టనిలువుగా పైకెత్తు. వంకరగా లాగావంటే రెండు పట్టుల మధ్య ఈగలు నలుగుతాయి, వాటిలో రాణే ఉండొచ్చు. ఎత్తిన ఫ్రేముని పెట్టె మీదుగానే పట్టుకో, రాణి జారినా ఇంట్లోనే పడుతుంది. రెండోవైపు చూడాలంటే పళ్ళెం తిప్పినట్టు అడ్డంగా తిప్పకు. ఎండకి మెత్తబడ్డ కొత్త మైనం తేనె బరువుకి విరిగి కిందపడుతుంది. పై కర్రని నిలువుగా లేపి, గుండ్రంగా తిప్పి, మళ్ళీ దించు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా పెంచేవాళ్ళందరూ రాణి కనబడేదాకా వెతుకుతారు. వేల ఈగల్లో ఒక్కదాన్ని వెతికేలోపు పిల్లలు చల్లబడిపోతాయి. పిల్లలున్న పట్టుని ఈగలు 35 డిగ్రీల దగ్గర కాపాడుకుంటూ ఉంటాయి మరి. నువ్వు రాణిని వెతక్కు. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని, వెలుగు గదుల అడుక్కి పడేలా ఫ్రేముని వంచి చూడు. గది అడుగున నడిమధ్య తెల్లగా, సన్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్ల గుడ్డు కనబడుతుంది. పెట్టిన రోజున నిటారుగా నిలబడుతుంది, రోజు గడిచేకొద్దీ ఒరిగి మూడోరోజుకి పడుకుంటుంది, ఆపైన పిల్లపురుగు బయటికొస్తుంది. గుడ్డు ఆయుష్షు మూడురోజులే. అంటే గదికొక గుడ్డు కనబడిందా, గడిచిన మూడురోజుల్లోపే రాణి అక్కడ తిరిగినట్టే. ఒకే గదిలో నాలుగైదు గుడ్లు, అవీ గోడలకి అంటుకుని ఉంటే మాత్రం రాణి లేదని, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అనుమానించాలి.

కంటితో చూడ్డం కంటే ఏం చూడాలో తెలియడం గొప్పదనడానికి ఉదాహరణ, నాకెంతో ఇష్టమైన మనిషి ఫ్రాన్సువా హ్యూబర్. స్విట్జర్లాండు వాడు. చిన్నవయసులోనే చూపు పోయింది. 1789లో పుస్తకం పేజీల్లా తెరుచుకునే తేనెపెట్టె చేయించి, ఒక్కో పట్టునీ విడివిడిగా పరీక్షించాడు. చూసింది ఆయన సహాయకుడు బర్నెన్స్, అడగాల్సిన ప్రశ్నలన్నీ హ్యూబర్‌వి. రాణి జతకట్టేది పెట్టెలో కాదు, ఆకాశంలో అని వాళ్ళిద్దరూ నిర్ధారించారు. ఇవాళ మనం ఫ్రేములు ఇంత సులువుగా లాగుతున్నామంటే అది 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ గమనించిన ఖాళీ పుణ్యం. ఫ్రేముకీ గోడకీ మధ్య సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్లు వదిలితే ఈగలు అక్కడ పట్టు కట్టకుండా దారిగా వాడుకుంటాయి.

మూతపడ్డ పిల్లగదుల్ని కూడా చూడు. కూలి ఈగల గదుల మూతలు కాస్త ఉబ్బి, ఒకే తీరుగా ఉంటాయి. మన పోతుటీగల గది మూతకి నడుమ చిన్న రంధ్రం ఉంటుంది, అది జబ్బు కాదు, కంగారుపడకు. తల పైకెత్తి, లాగితే నీటిసంచిలా ఊడివచ్చే పిల్లపురుగులు కనబడితే మాత్రం శాక్‌బ్రూడ్ వైరస్. 1990ల మొదట్లో దక్షిణాదిలో అది లెక్కలేనన్ని పెట్టెల్ని ఖాళీ చేసింది. ఆ చేతులతో, ఆ పనిముట్లతో వేరే పెట్టెని ముట్టుకోకు.

అయ్యాక ఫ్రేముల్ని తీసిన వరసలోనే, తీసిన ముఖంతోనే పెట్టు. గుడ్లు అసలే కనబడకపోతే తొందరపడి కొత్త రాణి కోసం పరుగెత్తకు. ఇంకా గుడ్లు పెట్టడం మొదలెట్టని కుర్ర రాణి ఉండొచ్చు. వారం ఆగి మళ్ళీ చూడు. అప్పటికీ లేకపోతే ఆరోగ్యంగా ఉన్న పక్క పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేమొకటి తెచ్చి ఇందులో పెట్టు. నాలుగురోజుల్లో ఆ పట్టు మీద కిందికి వేలాడే రాణిగదులు కట్టడం మొదలుపెడితే, ఇంట్లో రాణి లేదని వాటికే తెలిసినట్టు.