వడదెబ్బ ఇంట్లోనూ తగులుతుంది

వడదెబ్బ అనగానే మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద పడిపోయిన మనిషే గుర్తొస్తాడు. కానీ గడప దాటని పెద్దవాళ్లకూ ఇది ముప్పే. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో 1,700 మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. వారిలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులే.

ఎందుకిలా?

ఒంట్లో వేడి పెరిగితే చర్మానికి రక్త ప్రసరణ పెరుగుతుంది. చెమట పట్టి, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇందుకోసం గుండె ఎక్కువ శ్రమించాలి. వయసు పైబడ్డాక చెమట తగ్గుతుంది, దాహమూ సరిగా తెలియదు. కోస్తాలో గాలిలో తేమ వల్ల పట్టిన చెమట త్వరగా ఆరదు. అందుకే మచిలీపట్నంలో 38 డిగ్రీలు, రామగుండంలో 38 డిగ్రీలు ఒకటి కావు.

రాత్రిళ్లూ జాగ్రత్త తప్పదు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రంతా వేడిని వదులుతుంది. మేడ మీది గదిలో పడుకునే పెద్దవాళ్లను వేసవిలో కింది గదికి మార్చండి. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ విసిరేది వేడిగాలే. తడిగుడ్డతో తరచూ ఒళ్లు తుడవాలి.

మాటతీరు గమనించండి

తలనొప్పి, వికారం, నీరసం, విపరీతంగా చెమట... ఇవి తొలి హెచ్చరికలు. చల్లటి చోట పడుకోబెట్టి, నీళ్లు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. అదే మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బగానే భావించాలి. ‘చెమట పడుతోంది కదా’ అని ధీమా వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. ఇది జ్వరం కాదు, పారాసిటమాల్ పనిచేయదు. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

బీపీకి, గుండె జబ్బుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు ఎండలు ముదరకముందే డాక్టర్‌ను కలవాలి. ఎన్ని నీళ్లు తాగాలో, మోతాదు మార్చాలో లేదో అడగాలి. సొంతంగా మాత్రలు మానేయొద్దు.

పక్కింటి తలుపు తట్టండి

2010 వేసవిలో తీవ్రంగా దెబ్బతిన్న అహ్మదాబాద్ నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, ప్రజల్లో అవగాహన దాని ప్రధానాంశాలు. ఇదే పని మన అపార్ట్‌మెంట్ స్థాయిలోనూ చేయొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల జాబితా రాసుకుని, రోజుకు రెండుసార్లు పలకరించే బాధ్యత పంచుకోవాలి. వాచ్‌మన్‌కు నీడ, గేటు దగ్గర చల్లటి నీళ్ల కుండ ఏర్పాటు చేయాలి. పనమ్మాయిని మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేయమనకండి, ఆ పని పొద్దున్నే పూర్తయ్యేలా చూడండి. వేరే ఊళ్లో అమ్మానాన్నలుంటే మధ్యాహ్నం మూడింటికి ఒక ఫోన్ చేయండి. ‘తిన్నారా?’తో పాటు ‘నీళ్లు తాగారా?’ అనీ అడగండి. గొంతులో తేడా ఉంటే మీకే ముందుగా తెలుస్తుంది.