అభిమానుల రక్తనిధి

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, బండరాళ్ల గుట్టలపై జూబ్లీ హిల్స్ అను పేట కలదు. దానిని ఆనుకొనియే ఫిల్మ్ నగర్ ఉన్నది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ చిరకాలము మద్రాసున వర్ధిల్లి, పిమ్మట క్రమక్రమముగా ఈ కొండలకు తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను ఈ ప్రాంతముననే నెలకొల్పెను. నటీనటుల మేడలను చూడవలెనని ఊళ్లనుండి వచ్చువారు ఈ వీథులలో నిత్యము కానవత్తురు. కాని మేడలను చూచుటకుగాక, ఒక మంచముపై కొద్ది నిమిషములు పరుండి, చేయి చాచి, తమ రక్తమును ఇచ్చి పోవుటకు వచ్చువారును కలరు. వారు వచ్చు చోటు చిరంజీవి రక్తనిధి. దాని కథ తెలియవలెనన్న ముందుగా అభిమాన సంఘమన నేమో తెలియవలెను.

ఒక నటునియందు ప్రీతి గల యువకులు ఊరూర ఏర్పరచుకొను కూటమియే అభిమాన సంఘము. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి ఉందురు. క్రొత్త చిత్రము విడుదలైన నాడు థియేటరుకు తోరణములు కట్టుట, నిలువెత్తు కటౌట్లకు పూలదండలు వేయుట, తెరపై కథానాయకుడు కనబడగానే కాగితపు ముక్కలు వెదజల్లుట వీరి వేడుకలు. కొందరు బొమ్మకు పాలాభిషేకము కూడ చేయుదురు. త్రాగవలసిన పాలను అట్టబొమ్మపై పోయుట నాకెన్నడును నచ్చలేదు. ఒక నటుని అభిమానులు వేరొక నటుని అభిమానులతో కలహించుటయు లేకపోలేదు. అయినను ఈ సంఘములయందు ఒక విశేషము గలదు. ఒక్క మాట చెప్పిన చాలు, ప్రతి పట్టణమునను పదిమంది యువకులు పరుగెత్తి వత్తురు. ఇంతటి బలగమును ధనము వెచ్చించి కూర్చుట సులభము కాదు.

ఆపద వచ్చినప్పుడు నటులు జోలె పట్టుట తెలుగునాట క్రొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరేగి విరాళములు ప్రోగుచేసిరి. విరాళముగా వచ్చిన ధనము పెట్టెలో ఎంతకాలమైనను చెడక నిలుచును. రక్తము అట్టిది కాదు.

రక్తమును ఏ కర్మాగారమునను తయారుచేసి రోగులకు సరఫరా చేయజాలరు. అది మనుష్యుని దేహమునుండియే రావలెను. 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ అను శాస్త్రజ్ఞుడు రక్తమునందు వేర్వేరు వర్గములు కలవని వెల్లడించెను. వర్గము సరిపడని రక్తమెక్కించిన రోగికి ప్రాణాపాయము. కనుక ఏ వర్గపు రక్తము ఎవరికి ఎప్పుడు కావలసి వచ్చునో యెరుగక, అన్ని వర్గములను సిద్ధముగా ఉంచుకొనవలెను. ఉంచుకొందమన్నను అది నిలువదు. సామాన్యముగా వాడు సంచియందు, శీతల యంత్రములో భద్రపరచినను, రక్తము 35 దినములకు మించి పనికిరాదు. దానినుండి వేరుచేసిన ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు అయిదు దినములే యుండును. కాన్పులో రక్తస్రావమైన తల్లికి, రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి ఆ గడియలోనే రక్తము కావలెను. తలసేమియా యను వ్యాధితో పుట్టిన బిడ్డకు జీవితమంతయు కొన్ని వారములకొకసారి రక్తమెక్కించుచుండవలెను. అట్టి బిడ్డ తండ్రి ఒకసారి బంధువులను వేడుకొనును, రెండవసారి మిత్రులను వేడుకొనును. ఇరువదవసారి ఎవరిని వేడుకొనగలడు?

పూర్వము ఈ కొరతను అమ్మకము తీర్చుచుండెను. ఆకలికి తాళలేని నిరుపేదలు మాటిమాటికి రక్తమమ్ముకొని బ్రతికెడివారు. వారి దేహములు క్షీణించెను. వ్యాధులు దాచి అమ్మినవారి వలన రోగులకు క్రొత్త రోగములు సంక్రమించెను. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వ్యాపారమునకు స్వస్తి చెప్పవలెనని తీర్పునిచ్చెను. ఆ ప్రకారము 1998 జనవరి 1 నుండి దేశమున రక్తవిక్రయము నిషిద్ధమైనది. నిషేధము న్యాయమే. కాని అమ్మువారు తొలగిన చోట ఇచ్చువారు కావలెను గదా!

ఆ సంవత్సరమే అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, నటుడు చిరంజీవి గారు ఒక ధర్మసంస్థను నెలకొల్పిరి. దాని పక్షమున రక్తనిధి, నేత్రనిధి ఏర్పడినవి. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరుకు చెందిన ఆయన 1978లో తెరపైకి వచ్చి, అప్పటికే అశేష ప్రజాదరణ పొందియుండిరి. ఆయన తన అభిమానులను కోరినది పూలదండ కాదు, రక్తము. ఊరూర నున్న అభిమాన సంఘములు ఆ కోరికను తలదాల్చినవి. ఆయన జన్మదినమగు ఆగస్టు 22న పట్టణములయందు రక్తదాన శిబిరములు జరుపుట ఆచారమైనది.

దాత కావలెనన్న ఉత్సాహ మొక్కటియే చాలదు. పదునెనిమిది సంవత్సరములు నిండవలెను. కనుక ఈ పాఠము చదువు మీరు ఇంకను కొన్నేండ్లు వేచియుండక తప్పదు. బరువు 45 కిలోలకు తగ్గరాదు. వ్రేలినుండి ఒక బొట్టు తీసి, రక్తమునందు హిమోగ్లోబిన్ తగినంత కలదో లేదో చూతురు. పిమ్మట 350 మిల్లీలీటర్లు గాని, బరువెక్కువగలవారి నుండి 450 మిల్లీలీటర్లు గాని తీయుదురు. పెద్దవారి దేహమున సుమారు అయిదు లీటర్ల రక్తముండును గావున ఇది స్వల్పమే. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు మరల ఈయవచ్చును. ఇచ్చిన రక్తమును ఎయిడ్స్, కామెర్లు కలిగించు హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకై పరీక్షించిన పిమ్మటగాని రోగికి ఎక్కింపరు.

ఒక కారణమున కూడిన కూటమి వేరొక సేవకు మళ్లుట మన దేశమునకే చెల్లినది కాదు. అమెరికాకు వలసపోయిన గ్రీకులు, అచటి జాతివిద్వేషుల వేధింపులకు గురియై, 1922లో అట్లాంటా నగరమున ‘అహెపా’ యను సోదర సంఘమును స్థాపించుకొనిరి. ఆత్మరక్షణకై పుట్టిన ఆ సంఘము ఊరూర శాఖలు వేసి, విద్యార్థులకు వేతనములిచ్చి, మాతృదేశమగు గ్రీసులో థెస్సలోనికీ నగరమున ఒక ఆసుపత్రి వెలయుటకు ధనసాయము చేసెను. ఆ ఆసుపత్రి నేటికిని ఆ పేరుతోనే యున్నది. గ్రీకులను కలిపినది జాతి. మనవారిని కలిపినది సినిమా.

ఇక నేత్రదానము. మరణించిన ఆరు గంటలలోపుననే కంటిపైనున్న పారదర్శక పొరను సేకరింపవలెను. ఇరు కన్నుల పొరలు ఇద్దరికి చూపు నీయగలవు. సమీపముననే బంజారా హిల్స్ యందు 1987 నుండి పనిచేయుచున్న నేత్ర వైద్యశాలయు సినీ ప్రముఖుడగు ఎల్.వి. ప్రసాద్ పేరిటనే వెలసినది. రక్తమిచ్చుట కంటె ఇది కష్టమైన దానము. శోకించుచున్న ఇంటివారే ఆ గడియలో కబురంపవలెను.

2020లో కరోనా వ్యాపించి ప్రజలు ఇండ్లు కదలనప్పుడు రక్తనిధులు వట్టిపోవు స్థితి వచ్చెను. చిరంజీవి గారు తాము స్వయముగా రక్తమిచ్చి ఇతరులను రమ్మని కోరిరి. మరుసటి సంవత్సరము ప్రాణవాయువు కొరత ఏర్పడగా, ఆ సంస్థయే జిల్లాలయందు ఆక్సిజన్ నిధులను ఏర్పరచెను. వాటిని నడుపుటకు చేయి వేసినవారు ఆ కాగితపు ముక్కలు చల్లిన యువకులే.

అయినను ఒక చిక్కు తీరలేదు. జన్మదినమునాడు అందరు ఒక్కసారిగా రక్తమిత్తురు. ఆగస్టు 22న ఇచ్చిన రక్తము సెప్టెంబరు 26 దాటిన పనికిరాదు. వేసవిలో కళాశాలలు మూతపడి, ఎండకు జనము బయటికి రానప్పుడు శిబిరములు అరుదు. ప్రమాదములకు, కాన్పులకు మాత్రము సెలవులు లేవు. పుట్టినరోజున గాక ఏప్రిల్, మే నెలలలో రక్తమీయ వచ్చు అభిమాని కొరకు రక్తనిధులు ఎదురుచూచుచుండును.