కమాండరు వద్దన్న కూడు

పిల్లలూ, దక్షిణ ధ్రువం అనగానే బళ్ళో మీకు అముండ్సెన్ పేరు చెబుతారు, స్కాట్ పేరు చెబుతారు. వాళ్ళకంటే ముందే ఒక చిన్న బెల్జియం ఓడ అటు వెళ్ళి, సముద్రపు మంచులో ఇరుక్కుని, అంటార్కిటిక్ చలికాలమంతా అక్కడే గడిపిందర్రా. దాని పేరు బెల్జికా. ఆ చలికాలాన్ని అంత దక్షిణాన గడిపిన మొదటి మనుషులు వాళ్ళే. అందులో 17 మంది ప్రాణాలతో తిరిగొచ్చారు. ఎలా వచ్చారన్నదే ఇవాళ్టి కబురు.

1897 ఆగస్టులో ఆంట్‌వెర్ప్ రేవు నుంచి బయల్దేరింది ఓడ. కమాండరు అడ్రియాన్ ద జెర్లాష్, 31 ఏళ్ళవాడు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, నార్వే వాళ్ళ పాత వేట ఓడ కొని, దాన్ని ధ్రువయాత్రకు సిద్ధం చేసిన పట్టుదల మనిషి. కెప్టెన్ జార్జ్ లెక్వాంత్. అప్పటికింకా పేరు రాని రోల్డ్ అముండ్సెన్‌కి 25 ఏళ్ళు, ఫస్ట్ మేట్‌గా చేరాడు. డాక్టరు ఫ్రెడరిక్ కుక్ అమెరికా వాడు, దారిలో రియో డి జనీరోలో ఓడెక్కాడు. వీళ్ళతోపాటు రుమేనియా జీవశాస్త్రవేత్త రకోవిత్సా, పోలండ్ శాస్త్రజ్ఞులు, బెల్జియం, నార్వే నావికులు. ఒకరి భాష ఒకరికి సగమే అర్థమయ్యే గుంపు.

1898 జనవరిలో కార్ల్ వింకె అనే కుర్ర నావికుణ్ణి తుఫానులో సముద్రం లాగేసుకుంది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే ఆ ఏటి వేసవి చివరికొచ్చింది. వెనక్కి తిరగాల్సిన సమయంలో ద జెర్లాష్ ఓడను ఇంకా దక్షిణానికి, మంచు పలకల మధ్యకు నడిపించాడు. మార్చి మొదట్లో, 71 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక, పలకలు ఓడను పట్టేశాయి. ఇక కదలలేదు. మే 17న అస్తమించిన సూర్యుడు రెండు నెలలు దాటేదాకా మళ్ళీ కనబడలేదు.

చీకటి మనిషిని ఏం చేస్తుందో కుక్ రోజూ రాసి పెట్టుకున్నాడు. మొహాలు పాలిపోయాయి, కాళ్ళు ఉబ్బాయి, నాలుగడుగులు వేస్తే గుండె దడదడలాడేది. కొందరికి మతి చలించింది. జూన్ 5న ఎమిల్ డాంకో అనే యువ శాస్త్రజ్ఞుడు పోయాడు. అతనికి ముందే గుండెజబ్బు ఉంది. శవాన్ని మంచుకు కన్నం చేసి సముద్రంలోకి వదిలారు. మిగిలిన వాళ్ళలో స్కర్వీ మొదలైంది: చిగుళ్ళు వాచి రక్తం కారడం, ఒళ్ళంతా నీరసం. కొన్నాళ్ళకు కమాండరూ కెప్టెనూ ఇద్దరూ మంచం పట్టారు. బతకమనుకుని వీలునామాలు కూడా రాసుకున్నారు.

స్కర్వీ ఎందుకొస్తుందో చెబుతా. మన చర్మాన్నీ, చిగుళ్ళనీ, రక్తనాళాల గోడల్నీ పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రొటీను. మూడు పోగులు కలిపి పేనిన పగ్గం లాంటిదది. ఆ పేనిన మెలిక గట్టిగా నిలవాలంటే పోగుల మీద అక్కడక్కడా ఒక చిన్న రసాయన మార్పు జరగాలి. ఆ మార్పు చేసే ఎంజైములు విటమిన్ సి లేకుండా పనిచెయ్యలేవు. ఒళ్ళు పాత కొలాజెన్‌ని తీసేసి కొత్తది తయారు చేసుకుంటూనే ఉంటుంది కదా, విటమిన్ లేనప్పుడు తయారయ్యే కొత్తది నిలవదు. అందుకే స్కర్వీ ముదిరితే ఎప్పుడో మానిపోయిన గాయాలు కూడా మళ్ళీ విచ్చుకుంటాయి. ఇంత ఘోరాన్ని ఆపడానికి కావలసింది రోజుకు 10 మిల్లీగ్రాములే! ఒక జామకాయ తింటే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఓడలో ఉన్నవి మాత్రం డబ్బా తిళ్ళు. డబ్బాలో పెట్టేటప్పుడు ఉడికించిన వేడికీ, తర్వాత నెలల తరబడి నిలవకీ విటమిన్ సి పోతుంది.

ఇవన్నీ కుక్‌కి తెలియవర్రా. 'విటమిన్' అనే పేరే 1912 దాకా పుట్టలేదు. నిమ్మజాతి పండ్లతో స్కర్వీ తగ్గుతుందని జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు 1747లోనే పరీక్షచేసి చూశాడు, నిజమే. కానీ కుక్ కాలానికి చాలామంది వైద్యులు చెడిపోయిన డబ్బా మాంసంలోని విషం వల్ల ఈ జబ్బు వస్తుందని నమ్మేవాళ్ళు. కుక్ మాత్రం అంతకు ఆరేడేళ్ళ ముందు గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ జనంతో కలిసి చలికాలం గడిపాడు. వాళ్ళు కూరగాయ ముక్క లేకుండా, పచ్చి మాంసంతో, కొద్దిగా వేడిచేసిన మాంసంతో ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉండడం కళ్ళారా చూశాడు. కారణం తెలియకపోయినా తాను చూసినదాన్ని నమ్మాడు. నాకు కుక్ నచ్చేది అందుకే.

పెంగ్విన్ నిమ్మకాయలు తినదు కదా తాతయ్యా, దాని మాంసంలో విటమిన్ సి ఎక్కడిదీ అంటారేమో. మంచి ప్రశ్న. చాలా జంతువులు గ్లూకోజు నుంచి దాన్ని తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనకూ, కోతులకూ, గినీ పందులకూ ఆ తయారీలో చివరి మెట్టు ఎక్కించే జన్యువు కోట్ల ఏళ్ళ కిందటే పాడైపోయింది. అందుకని మనం తిండిలోనే తెచ్చుకోవాలి. తాజా మాంసంలో ఉండేది కొంచెమే, కాలేయంలో ఇంకాస్త ఎక్కువ. మరీ ఉడికించకుండా తింటే ప్రాణం నిలబెట్టడానికి అది చాలు.

అయితే పెంగ్విన్, సీల్ మాంసం నీచు వాసన కొడుతుంది, చేపనూనె కంపు. ద జెర్లాష్‌కి అది అస్సలు పడదు. తాను తినకపోవడమే కాదు, ఇతరులనూ తిననివ్వలేదని అముండ్సెన్ తన ఆత్మకథలో రాశాడు. ఇక్కడే నాకు బాధేస్తుంది. ద జెర్లాష్ పిరికివాడు కాదు, చెడ్డవాడూ కాదు. కానీ కమాండరు నాలుకకు రుచించనిది ఓడంతటికీ నిషేధమైపోయింది. ఎదురు చెప్పే ధైర్యం నావికుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

కుక్, అముండ్సెన్ ఊరుకోలేదు. మంచుమీద సీళ్ళనూ పెంగ్విన్లనూ వేటాడి మంచులో పాతిపెట్టారు. పెద్దవాళ్ళిద్దరూ పడకేశాక ఆ మాంసం తవ్వి తీసి వండించారు. చావుకు దగ్గరైన లెక్వాంత్ మందు పుచ్చుకున్నట్టు తినడానికి ఒప్పుకున్నాడు. కొద్ది రోజుల్లోనే తేరుకున్నాడు. అది చూసి మిగిలినవాళ్ళూ, చివరికి కమాండరూ తిన్నారు. కుక్ ఇంకో పని కూడా చేశాడు. రోగుల్ని రోజూ గంటసేపు బట్టలు విప్పించి, మండే పొయ్యి ముందు, ఆ వెలుగులో కూచోబెట్టేవాడు. ఓడ చుట్టూ నడిపించేవాడు. ఇప్పటి వైద్యులు చలికాలపు దిగులుకు వెలుతురు చికిత్స చేస్తున్నారు చూడండి, ఆ దారిలో వేసిన తొలి అడుగుల్లో ఇదొకటి.

సూర్యుడొచ్చాడు గానీ మంచు వదల్లేదు. 1899 జనవరికి ఇంకో చలికాలం తప్పదేమోనన్న భయం పట్టుకుంది. ఓడకు ఆరేడు వందల మీటర్ల దూరంలో నీళ్ళు కనిపిస్తున్నాయి. అక్కడిదాకా మంచు కోసి కాలువ తీద్దామన్నాడు కుక్. ఆలోచన పిచ్చిదిలా కనిపించినా శాస్త్రజ్ఞులూ, అధికారులూ, నావికులూ అందరూ వంతులవారీగా రాత్రింబవళ్ళు రంపాలు లాగారు. ఆరు నెలల కిందట మంచం దిగలేని మనుషులు మీటరు పైన మందమున్న మంచును కోశారు! ఫిబ్రవరిలో ఓడ కాలువలోంచి కదిలింది. అంచుదాకా వచ్చి మళ్ళీ నెల్లాళ్ళు ఇరుక్కుని, మార్చి 14న పూర్తిగా బయటపడింది. నవంబరు 5న ఆంట్‌వెర్ప్ చేరింది.

ఒక మాట మరిచాను. ఈ యాత్రలో రకోవిత్సా ఒక రెక్కల్లేని చిన్న ఈగను పట్టాడు. బెల్జికా అంటార్కిటికా అని ఓడ పేరే పెట్టారు దానికి. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. పూర్తిగా నేలమీదే బతికే అంటార్కిటికా జంతువుల్లో అదే పెద్దది!

విటమిన్ సి ఏమిటన్నది 1932లో తేలింది, ఆ పని చేసిన శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జీకి 1937లో నోబెల్ వచ్చింది. అముండ్సెన్ అంతదాకా ఆగలేదు. 1911లో దక్షిణ ధ్రువానికి వెళ్ళే ముందు చలికాలమంతా తన మనుషులకు తాజా సీల్ మాంసం పెట్టించాడు, మరీ ఉడకనివ్వకుండా. ఒక్కరికీ స్కర్వీ రాలేదు. కుక్ తర్వాత తాను ఉత్తర ధ్రువం చేరానని చెబితే లోకం నమ్మలేదు. చమురు వాటాల మోసం కేసులో జైలుపాలయ్యాడు. 1926లో అముండ్సెన్ అమెరికా వెళ్ళినప్పుడు లెవెన్‌వర్త్ జైలుకెళ్ళి మరీ పాత డాక్టరును పలకరించాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆత్మకథలో, బెల్జికా మనుషులు ప్రాణాలతో బయటపడ్డారంటే అది కుక్ చలవేనని రాసుకున్నాడు.