చలికాలపు పొయ్యి, ఇంటి అలవాటు



పుష్యమాసం వచ్చిందంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పల్లెలు గజగజ వణుకుతాయి. సిర్పూర్ (యు), తిర్యాణి మండలం గిన్నెధరి వంటి చోట్ల కొన్ని తెల్లవారుజాములు 5 డిగ్రీల లోపే ఉంటాయి. కరీంనగర్ వైపు అంత చలి లేకున్నా, పొద్దున ఉడుకునీళ్లు కావలసిందే.

ఒకే వాడలో రెండిండ్లు, నలుగురేసి మనుషులు అనుకోండి. ఒకరికి కట్టెమోపు నాలుగు రోజులు వస్తుంది. మరొకరికి రెండు రోజులకే ఒడుస్తుంది. ఎందుకని? తేడా పొయ్యిలో లేదు, మంటపెట్టే చేతిలో ఉంది.

లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకాలరీ పడుతుంది. ఇరవై లీటర్ల బకెట్‌ను 15 డిగ్రీల నుండి 40కి తేవడానికి 500 కిలోకాలరీలు చాలు. ఇక పచ్చికట్టె సంగతి చూడండి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. రెండు కిలోల కట్టె పెడితే, అందులోని కిలో నీరు ఆవిరి కావడానికే సుమారు 600 కిలోకాలరీలు పోతాయి. అంటే ఒక బకెట్ నీళ్లు కాగే వేడి పొగ పాలైనట్టే! అందుకే ఎండకాలంలోనే కట్టె చీల్చి ఎండబెట్టి, వాన తగలకుండా పేర్చుకోవాలి.

కాగు మీద మూత తప్పక ఉండాలి. ఒకరు ఐదింటికి, ఒకరు ఎనిమిదింటికి తానం చేస్తే కాగును మళ్లీ మళ్లీ వేడిచేయాలి. వరుసగా కానిస్తే ఒక్క మంటతో సరిపోతుంది.

కరెంటు రాడ్‌కూ ఇదే లెక్క. 1500 వాట్ల రాడ్‌తో ఆ బకెట్ కాగడానికి ఇంచుమించు 25 నిమిషాలు చాలు. మరచి గంట ఉంచితే ఒకటిన్నర యూనిట్లు కాలుతాయి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లు ముట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కింద మందంగా వరిగడ్డి పరచి, పైన గొంగడి కప్పుకుంటే ఒంటి వేడి ఒంటికే దక్కుతుంది. దానికి కట్టె ఖర్చు లేదు, ప్రాణభయమూ లేదు.

విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి నోటితో చెప్పి ఊరుకోరాదు. ఒకే తీరు రెండు కాగులు, ఒకే కొలత నీళ్లు, ఒకదానికి మూత. కట్టె తూచి కాచి చూపాలి. కండ్లారా చూసిన దాన్ని రైతు మరువడు.